ఇరవై డబ్ల్యూ యాభై

జనరల్ పేటర్స్ రోడ్డులో
మూడో కొట్టు ముందు నిలబడి
డబ్బాల మీది అంకెలు చదువుతున్నాను.
సున్నా డబ్ల్యూ ఇరవై. ఐదు డబ్ల్యూ ముప్పై.
పది, పదిహేను, ఇరవై...
ఎక్కం మధ్యలో మర్చిపోయిన పిల్లలా
ముందుకీ వెనక్కీ.

డబ్ల్యూ అంటే వింటరట.
కొట్టు కుర్రాడు మెడ మీది చెమట తుడుచుకుంటూ చెప్పాడు.
మద్రాసులో దాన్ని నేనింకా చూడలేదు,
మార్గళిలో రెండు రోజులు మా వాచ్‌మన్
చెవులకు తువ్వాలు చుట్టుకోవడం తప్ప.

బండి ఎనభై తొమ్మిది మోడల్ పద్మిని.
గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటుంది,
కొత్తగా ఎక్కినవాళ్ళు అది వైపరు మీట అనుకుంటారు.

నేను రక్తం తీసే మనిషిని.
అయనావరం ల్యాబులో ఇరవై ఆరేళ్ళుగా
నరం దొరకని చేతుల్లో నరం వెతుకుతున్నాను.
గొట్టంలోకి ఎంత తొందరగా దూకిందో చూసి
రిపోర్టు రాకముందే కొంత చెప్పగలను. చెప్పను.
డెబ్బై దాటినవాళ్ళకు డాక్టర్లు
రక్తం పలచబడే మాత్ర రాస్తారు.
ఆ లెక్కనే పోయినేడు
ఖరీదైన పలచటి సింథటిక్ పోయించాను,
ముసలిదానికి మంచిది పెడదామని.

పదకొండో రోజుకి కింద పరిచిన అట్ట తడిసింది.
ఇన్నాళ్ళూ ఏ మడ్డి ఏ సందులో పేరుకుని
ఎట్లా కాపాడుకొస్తోందో,
అంతా శుభ్రంగా కడిగి పారేసింది.
అపార్టుమెంటు సెక్రటరీ శేషగోపాలన్ గారు
నల్ల మరక చుట్టూ సుద్దముక్కతో గీత గీసి
పక్కన తేదీ వేశారు,
హత్య జరిగిన చోటు మాదిరి.

ఏకాంబరం షెడ్డు పుదుపేటలో.
తాతలెప్పుడో సూళ్ళూరుపేట వైపు నుంచి వచ్చారట,
తెలుగు మిగిలింది, ఊరు మిగల్లేదు.
స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి
పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.
డిప్‌స్టిక్ లాగి ఒక చుక్క
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు,
వాసన చూశాడు.
నాలిక మీద వేసుకుంటాడేమోనని భయపడ్డాను.

"ఏందిమ్మా ఇది, గంగాజలం మాదిరుండాది.
లోపల అరిగి సందులు పెద్దవైపోయుండాయి.
ఆడ నిలబడేది కావాల, పరిగెత్తేది కాదు.
ఇరవై యాభై. మినరల్. అంతే.
సీలు చూసి కొనండి,
వడగట్టి మళ్ళీ నింపేవాళ్ళుండారు మా వీధిలోనే."

వరద వచ్చిన ఏడు
ఇదే మనిషి ఇదే బోల్టు విప్పితే
పాలెక్కువైన కాఫీ కారింది.
మూడుసార్లు కొత్త నూనె పోసి, తిప్పి, వంపేశాడు.
నాలుగోసారి తేనెరంగు తేనెరంగుగానే దిగాక
"బతికింది" అన్నాడు,
డబ్బు రెండుసార్లకే తీసుకున్నాడు.
అందుకే అతని మాట వింటాను.

విన్నాను గాని లోపల ఒక చిరాకు.
రోజుకు అరవై గొట్టాలకు
పేరూ వయసూ రాసి అంటించే చేతికి
ఈపాటి తెలియాల్సింది:
గడ్డకట్టడం ఒకరి జబ్బు,
జారిపోవడం ఇంకొకరిది.

డబ్బా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను.
పక్క సీటావిడ తడిమి చూసి
"నూనా? మంచిదేనా?" అంది.
"వయసైనవాళ్ళకి మంచిదట" అన్నాను.
ఏ కొట్టో కనుక్కుని, మోకాలు నిమురుకుంటూ
కీల్పాక్ దగ్గర దిగిపోయింది.
ఇప్పటికీ కాస్త దిగులుగానే ఉంది.

ఇవాళ పొద్దున్న తాళం తిప్పితే
టకటకటక అంది.
చిక్కటిది పైకెక్కడానికి టైము పడుతుంది.
నాడి మీద వేలుంచినట్టు లెక్కపెట్టాను,
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
ఐదుకి సద్దుమణిగింది.
నీలం పొగ కొంచెం వచ్చింది,
వచ్చిందనే పుస్తకంలో రాసుకున్నాను.

బండి వెనక్కి తీస్తే
అట్ట మీద మచ్చ, రూపాయి బిళ్ళంత.
శేషగోపాలన్ గారు సుద్దముక్కతో సగం వంగి
గీయాలా వద్దా అన్నట్టు
నా వైపు చూశారు.